కోనసీమ ఇండ్లలో ఫెలనాప్సిస్ ఆర్కిడ్లు: పెంపకము, సేకరణ

గత రెండు మూడేండ్లుగా అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల గ్రామములకు పోయినపుడు ఒక ప్రశ్న తరచుగా నాకెదురగుచున్నది. వరి తెగుళ్ళను గూర్చియు, కొబ్బరి తెల్లదోమను గూర్చియు మాట్లాడుట ముగిసి, కాఫీ త్రాగి లేవబోవు సమయమున ఆ యింటి ఆడవారు వసారాలోని కుండ నొకదానిని చూపి, "ఏవండీ ఆఫీసరుగారూ, ఈ పూలమొక్క కడియం నుంచి తెచ్చామండి. తెచ్చినప్పుడు కాడ నిండా పూలేనండి. ఇప్పుడు ఆకులు ఒక్కొక్కటే ఊడిపోతున్నాయండి. ఏం చెయ్యమంటారు?" అని అడుగుదురు.

ఆ మొక్క ఫెలనాప్సిస్ అను ఆర్కిడ్. నాలుగైదు దళసరి ఆకులు, వాటి మధ్య నుండి బయలుదేరి విల్లువలె వంగిన కాడ, కాడ పొడవునను తెలుపు, గులాబి, ఊదా రంగుల పూలు. చూచినవారికి కొనవలెనను కోరిక పుట్టుట సహజము. పూతతో నున్న మొక్క అయిదారు వందల రూపాయలు పలుకును. రైతు కుటుంబమునకు ఆ సొమ్ము తక్కువది కాదు. నాలుగు నెలలలో మొక్క కుళ్ళిపోయినచో సొమ్ముతోపాటు మొక్కలపై మక్కువయు పోవును.

ఈ వ్యాసము వ్రాయుటకు మరియొక కారణము కూడ కలదు. కొత్తపేట ప్రాంతములో ఒక గృహిణి పన్నెండు మొక్కలు తెచ్చి, పెంచు విధము చెప్పుమని నన్నడిగినారు. నేను కళాశాలలో వరి, చెరకు, కొబ్బరి చదివినవాడను. ఆర్కిడ్లను గూర్చి విన్నది ఒకటి రెండు పాఠములు మాత్రమే. తెలియదని చెప్పుటకు నామోషీపడి, వేసవి కావున దినమునకు రెండు మారులు బోరు నీరు పోయుడని చెప్పితిని. ఆమె నా మాట జవదాటలేదు. దసరా నాటికి తొమ్మిది మొక్కలు పోయినవి. "మీరు చెప్పినట్టే చేశానండి" అని ఆమె అన్న మాటలో నింద లేదు. కాని ఆ మాట నేను మరువలేదు. తరువాత మిగిలిన మూడు మొక్కలతో ఆమెయు, నేనును నేర్చుకొన్న సంగతులనే ఈ దిగువ వ్రాయుచున్నాను.

పేరు, పుట్టుక

గ్రీకు భాషలో "ఫలైనా" అనగా దీపము చుట్టు తిరుగు రెక్కల పురుగు. "ఒప్సిస్" అనగా రూపము. రెక్కలు చాచి వాలిన దీపపు పురుగువలె పూవు కనబడుటచే దీనికి ఈ పేరు వచ్చినది. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లోనే ఇందలి తెల్లపూల జాతిని వేరొక పేరుతో వర్ణించెను. జావా ద్వీపములో పనిచేసిన బ్లూమ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1825లో దీనిని ప్రత్యేక ప్రజాతిగా గుర్తించి ఫెలనాప్సిస్ అని నామకరణము చేసెను. ఈ ప్రజాతిలో సుమారు 70 జాతులు కలవు. మన దేశపు ఈశాన్య రాష్ట్రములు మొదలు బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పైన్సు మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర భాగము వరకు ఇవి అడవులలో పెరుగును. ఇండోనేషియా ప్రభుత్వము 1993లో తెల్ల ఫెలనాప్సిస్‌ను తమ జాతీయ పుష్పములలో ఒకటిగా ప్రకటించినది.

నేడు అంగళ్ళలో దొరకునవి అడవి జాతులు కావు. అనేక జాతులను కలిపి తయారుచేసిన సంకరములు. తైవాన్, హాలెండు దేశములలో ఇది పెద్ద పరిశ్రమ. మన దేశములో పుణె, బెంగళూరు ప్రాంతములందు అదుపుచేసిన వాతావరణము గల గృహములలో వీనిని పెంచుచున్నారు. కడియపులంక నర్సరీలకు వచ్చు మొక్కలలో అనేకము ఇట్లు బయటనుండి పూతతో వచ్చినవే. చల్లని గృహములో పెరిగిన మొక్క మన ఎండకు ఒక్కమారుగా వచ్చి పడుచున్నదని కొనువారు గుర్తుంచుకొనవలెను.

కొందరు పూవు ఎండి కాయకట్టగా గింజలు తీసి చల్లవచ్చునా యని అడుగుచున్నారు. అది వృథా. ఆర్కిడ్ విత్తనము ధూళివంటిది. వరిగింజలో మొలకకు కావలసిన ఆహారము ఉన్నట్లు ఇందులో ఉండదు. అడవిలో ఒక విధమగు శిలీంధ్రము తోడ్పడిననే అది మొలచును. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన నడ్సన్ 1922లో, శిలీంధ్రము లేకనే, పంచదారయు లవణములును కలిపిన గడ్డపాకముపై సీసాలలో విత్తనము మొలిపించు పద్ధతిని ప్రకటించెను. నాటి నుండియే ఆర్కిడ్లు ధనికుల మేడలు దాటి సామాన్యుల ఇండ్లకు రాగలిగినవి. ఆ పని ప్రయోగశాలకు తగినది గాని పెరటికి తగినది కాదు.

ఇది బదనిక కాదు

ఇంట పెద్దవారు ఒక సందేహము చెప్పుచుందురు: "చెట్టుమీద బతికేది బదనికే కదండీ. ఇంట్లో పెడితే కొబ్బరికి, మామిడికి అంటుకోదూ?" ఇది తెలివిగల ప్రశ్నయే. నిజమైన బదనిక తన వేరును కొమ్మలోనికి చొప్పించి చెట్టు రసమును పీల్చును. మామిడి తోటలలో అది కనబడినంతనే కొమ్మతోసహా కోసివేయుడని మేము చెప్పుచునేయున్నాము. ఆర్కిడ్ అట్టిది కాదు. దాని వేళ్ళు బెరడును పట్టుకొనియుండునే గాని లోనికి దిగవు. వాననీరు, మంచు, గాలిలో వచ్చు దుమ్ము, బెరడుపై కుళ్ళిన ఆకు, వీనితోనే అది బ్రతుకును. చెట్టు దానికి కూర్చుండుటకు అరుగు మాత్రమే.

మన ప్రాంతపు చెట్లపై సహజముగా పెరుగు వాండా అను ఆర్కిడ్‌ను కూడ మనవారు బదనిక యనియే పిలుచుట ఈ పొరపాటునకు కారణమని తోచుచున్నది. గళ్ళు గళ్ళుగా చిత్రించిన గోధుమరంగు పూలు గల ఈ వాండాను, 18వ శతాబ్దము చివర సామర్లకోటలో నివసించి ఈ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ వర్ణించి, 1795లో వెలువడ నారంభించిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథములో ప్రకటించెను. కావున ఆర్కిడ్ మన ప్రాంతమునకు క్రొత్త బంధువు కాదు. ఫెలనాప్సిస్ మాత్రమే క్రొత్తగా వచ్చినది.

వేరును గూర్చి మొదట తెలిసికొనవలెను

పెంపకములో సగము రహస్యము వేరులోనే యున్నది. ఫెలనాప్సిస్ వేరుపై దూదివంటి తెల్లని పొర యొకటి ఉండును. వాన పడినపుడు ఆ పొర నీటిని క్షణములో పీల్చుకొని ఆకుపచ్చగా మారును. ఆరినపుడు తిరిగి వెండిరంగునకు వచ్చును. ఈ పొరకు గాలి అత్యవసరము. ఎల్లప్పుడు తడిలో మునిగియున్నచో అది కుళ్ళి, లోపలి దారమువంటి భాగము మాత్రము మిగులును. వేరు కుళ్ళిన మొక్క ఆకులు నీరు చాలనట్లు ముడుతలు పడి వ్రేలాడును. ఇంటివారు అది చూచి నీరు చాలలేదనుకొని మరింత పోయుదురు. నా సలహా వలన పోయిన తొమ్మిది మొక్కలలో అధికభాగము ఈ విధముగానే పోయినవి.

కావున దీనిని మట్టిలో నాటరాదు. మన ఒండ్రుమట్టిలో కనకాంబరము, చామంతి చక్కగా పెరుగును. ఈ మొక్కకు మాత్రము ఆ మట్టి గాలి సోకని గొయ్యి యగును.

మన ప్రాంతపు అనుకూలములు, చిక్కులు

కోనసీమలో గాలిలో తేమ ఎక్కువ. చెట్ల నీడకు కొదువ లేదు. మొక్కను నింపుటకు శ్రేష్ఠమగు కొబ్బరి డొక్క ప్రతి పెరటిలోను పడియున్నది. ఇతర ప్రాంతములవారు సొమ్ము పెట్టి కొనుచున్న సామగ్రి మనకు ఉచితము. ఇవి అనుకూలములు.

చిక్కులు మూడు. మొదటిది వేసవి. ఫెలనాప్సిస్‌కు పగలు 24 నుండి 30 డిగ్రీల సెంటీగ్రేడు, రాత్రి 18 నుండి 22 డిగ్రీలు హాయిగా ఉండును. మన ఏప్రిల్, మే నెలల వేడిమి దీనికి మించినది. రెండవది విడువని వానలు. మూడవది నీటిలోని ఉప్పు. సముద్రమునకు దగ్గరగా నున్న సఖినేటిపల్లి, మలికిపురము, అల్లవరము, కాట్రేనికోన ప్రాంతములందు పెక్కు బోర్లలో ఉప్పునీరు పడుచున్నది. ఈ మూడింటిని నివారించుకొన్నచో మిగిలినది సులభము.

చోటు

తూర్పు వైపు వసారా అన్నిటికన్న మేలు. ఉదయము గంటసేపు లేత ఎండ తగిలి, తరువాత వెలుతురు మాత్రమే ఉండవలెను. పాత మండువా లోగిళ్ళు ఉన్నవారు ధన్యులు. మండువా చుట్టునున్న వసారాలో పై నుండి వెలుతురు, క్రింద నుండి చల్లదనము రెండును దొరకును. మేడ ఇండ్లవారు 75 శాతము నీడనిచ్చు వలను కట్టి, దాని క్రింద ఉంచవచ్చును. డాబాపై మాత్రము వలదు. సిమెంటు వేడిమి రాత్రి కూడ తగ్గదు.

వెలుతురు సరిపోయినదో లేదో తెలిసికొనుటకు యంత్రము అక్కరలేదు. మధ్యాహ్నము ఆకుపై ఒక అడుగు ఎత్తున అరచేయి ఉంచుడు. అంచులు స్పష్టము కాని మసకనీడ పడినచో సరియైన వెలుతురు. వేళ్ళు లెక్కపెట్టగలిగినంత గట్టినీడ పడినచో ఎక్కువ. నీడయే లేనిచో తక్కువ. ఆకు ముదురాకుపచ్చగా, పొడవుగా సాగి మెత్తబడినచో వెలుతురు చాలలేదనియు, పసుపు లేక ఎరుపు దేరినచో ఎక్కువైనదనియు గ్రహింపవలెను.

కొబ్బరిచెట్ల క్రింద వ్రేలాడదీయవచ్చునా యని కొందరు అడుగుచున్నారు. సర్పిలాకార తెల్లదోమ మన దేశమునకు రాక ముందైనచో వేరుమాట. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతమున కనబడిన ఈ పురుగు తరువాత మన జిల్లాల కొబ్బరితోటలను కూడ పట్టినది. కొబ్బరాకు అడుగున చేరి ఇది విడుచు తేనెవంటి జిగురు క్రిందనున్న ప్రతి మొక్కపై పడి, దానిపై నల్లని మసి పెరుగును. మసి కప్పిన ఆకునకు వెలుతురు అందదు. అందుచే తెల్లదోమ ఉన్న తోటలో చెట్టు క్రింద ఈ మొక్కలను పెట్టకుండుటయే మంచిది. ఆకుపై మసి కనబడిన తడిగుడ్డతో మెల్లగా తుడువవలెను. కొబ్బరిచెట్టుపై పురుగు నివారణకు అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము వారి సలహా పొందవచ్చును.

కుండ, నింపు సామగ్రి

ప్రక్కలకు కూడ రంధ్రములున్న 5 లేక 6 అంగుళముల మట్టికుండ మంచిది. తేట ప్లాస్టిక్ కుండయైనచో వేరు రంగు బయటికి కనబడును గనుక క్రొత్తవారికి అది మరింత సుళువు. కుండ పెద్దదైన మొక్క త్వరగా పెరుగుననుకొనుట పొరపాటు. పెద్దకుండలో తడి ఆరక వేరు కుళ్ళును.

ముదురు కాయల డొక్కలను ఎండబెట్టి అర అంగుళము నుండి అంగుళము ముక్కలుగా కోయవలెను. వీనిని అట్లే వాడరాదు. డొక్కలో ఉప్పు, వగరు పదార్థము ఉండును. ముక్కలను మంచినీటిలో మూడు దినములు నానవేసి, ప్రతిదినము నీటిని మార్చవలెను. మొదటి దినము కల్లు కుండ కడిగిన నీరువలె గోధుమరంగుగా దిగును. మూడవనాటికి తేటపడును. తేటపడనిచో మరి రెండు దినములు నానవేయుడు. తరువాత డొక్కముక్కలు రెండు పాళ్ళు, కట్టెబొగ్గు ముక్కలు ఒక పాలు, పగిలిన పెంకు లేక ఇటుకముక్కలు ఒక పాలు కలుపవలెను. కొబ్బరి పొట్టు కలుపరాదు. అది తడిని ఎక్కువకాలము పట్టియుంచును.

నర్సరీ నుండి తెచ్చిన మొక్క వేళ్ళ మధ్య బిగించిన నాచు ఉండును. పూలు ఉన్నంతకాలము కదల్పక, పూలు రాలిన పిదప కుండ మార్చవలెను. జూన్ చివర, జూలై మొదట, చల్లబడి క్రొత్త వేరుమొనలు కనబడుచున్నపుడు ఈ పని అనుకూలము. పాత నాచునంతటిని విడదీసి, మెత్తగా గోధుమరంగున నున్న వేళ్ళను కత్తిరించి, గట్టి వేళ్ళను మాత్రము ఉంచవలెను. కత్తెరను ఒక మొక్కకు వాడినపిమ్మట నిప్పుపై కాల్చి, చల్లార్చియే రెండవ మొక్కకు వాడవలెను. ఆర్కిడ్లకు వచ్చు వైరసు తెగుళ్ళు కత్తెర ద్వారానే ఎక్కువగా ప్రాకును. వాటికి మందు లేదు. మొక్క మొదలు సామగ్రి పైమట్టమునకు సమముగా ఉండవలెను. లోతుగా పాతరాదు. కుండ మార్చిన నాలుగైదు దినములు నీరు పోయరాదు. డొక్క రెండేండ్లలో మెత్తబడును గనుక రెండేండ్ల కొకమారు సామగ్రి మార్చుట అవసరము.

నీరు

ఎన్ని దినముల కొకమారు పోయవలెనని అందరును అడుగుదురు. దానికి సమాధానము పంచాంగములో లేదు, వేరులో నున్నది. వేరు వెండిరంగునకు వచ్చినపుడు పోయవలెను, ఆకుపచ్చగా నున్నపుడు ఆగవలెను. మా అనుభవములో వేసవిలో రెండు దినములకును, శీతకాలములో మూడు నాలుగు దినములకును, వానకాలములో ఆరేడు దినములకును ఒకమారు అవసరమైనది.

నీరు ఉదయము వేళనే పోయవలెను. కుండ అడుగు నుండి ధారగా కారిపోవునట్లు పోసి, క్రింద పళ్ళెములో నిలిచిన నీటిని పారబోయవలెను. ఆకుల నడిమి గుంటలో, అనగా మొవ్వులో, నీరు నిలువరాదు. ఈ మొక్కకు ఒకే మొవ్వు. అది కుళ్ళిన కొబ్బరికి మొవ్వు కుళ్ళినట్లే. పొరపాటున నీరు పడినచో దూదితో లేక గుడ్డకొనతో అద్ది తీయవలెను. విడువని వానలలో మొక్కను తప్పక చూరు క్రిందికి చేర్చవలెను.

అన్నిటికన్న మేలైనది వాననీరు. పెంకుటింటి చూరు క్రింద తొలి వానలనీటిని పోనిచ్చి, తరువాతి నీటిని మూతగల తొట్టిలో పట్టియుంచుకొనవచ్చును. దోమలు చేరకుండ గుడ్డ కట్టవలెను. పది మొక్కలకు రెండు మూడు వందల లీటర్ల తొట్టి చాలును. తరువాతది కాలువనీరు. అయితే వేసవిలో కాలువలు కట్టివేయు దినములలో అది దొరకదు గనుక ముందుగానే నిలువచేసికొనవలెను. బోరునీరు వాడక తప్పనివారు పరీక్ష చేయించుకొనవలెను. విద్యుద్వాహకత 0.5 డెసిసీమన్ కన్న తక్కువగా నున్న నీరు ఈ మొక్కలకు మంచిది. కుండ అంచున, వేరుమొనలపై తెల్లని పొరకట్టి మొనలు నల్లబడుచున్నచో నీటిలో ఉప్పు ఉన్నదని అర్థము.

ఎరువు

అడవిలో ఈ మొక్క బెరడుపై జారు నీటితో బ్రతికినది. దీని ఆకలి స్వల్పము. నీటిలో కరుగు 19-19-19 ఎరువును లీటరు నీటికి అర గ్రాము చొప్పున కలిపి, వేళ్ళు తడిసిన పిదప వారమున కొకమారు పోయవలెను. నెలకొకమారు ఎరువు లేని నీటితో కుండను బాగుగా కడిగివేయవలెను. పశువుల ఎరువు, చెక్కపిండి, యూరియా వేయరాదు. మొక్క నీరసముగా ఉన్నపుడు ఎరువు పెంచుట కూడదు. వేరు లేని మొక్కకు ఎరువు పెట్టుట నోరు మూసికొన్న రోగికి విందు పెట్టుటవంటిది.

పూత

"కొన్నప్పుడు పూసిందండి, మళ్ళీ పుయ్యలేదండి" అనునది రెండవ ఫిర్యాదు. దీనికి కారణము తెలిసికొనవలెను. ఫెలనాప్సిస్ పూలకాడ వేయుటకు నాలుగు నుండి ఆరు వారములు చల్లదనము కావలెను. పగలు కూడ 26 డిగ్రీలు మించకుండ ఉన్నపుడు కాడ బాగుగా వచ్చును. అంతకు మించిన వేడిమిలో మొక్క ఆకులు పెట్టుచు పోవునే గాని పూయదు. కోనసీమలో డిసెంబరు, జనవరి మాసములందు రాత్రులు చల్లబడినను పగలు 28, 29 డిగ్రీల వరకు పోవుచుండును. కావున ఇది అంచున నున్న వ్యవహారము. చలి బాగున్న యేట పూయును, లేనియేట ఊరకుండును.

ఈ దినములలో మొక్కను ఇంటిలో అన్నిటికన్న చల్లని చోట, అనగా పగలు ఎండ తగలని తడినేల గల వసారాలోనో, వెలుతురు వచ్చు కిటికీ ప్రక్కనో ఉంచవలెను. చల్లదనపు యంత్రము ఉన్న గదిలో, గాలి సూటిగా తగులకుండ, నెల దినములు ఉంచియు ఫలము పొందవచ్చును. అయితే అట్టి గదిలో గాలి పొడిగా నుండును గనుక కుండ క్రింద గులకరాళ్ళు వేసిన నీటిపళ్ళెము పెట్టవలెను. కుండ అడుగు నీటికి తగులరాదు. కాడ కనబడినది మొదలు పూవు విచ్చుటకు మూడు నెలల వరకు పట్టును. ఆ కాలములో కుండను ఇటునటు త్రిప్పరాదు. మొగ్గలు వెలుతురు వైపునకు తిరుగుచు మెలికపడును.

పూలన్నియు రాలిన తరువాత కాడ ఇంకను పచ్చగా నున్నచో మొదటి నుండి మూడవ కణుపు పైన కత్తిరించిన, కొన్ని రకములలో ప్రక్కకొమ్మ వచ్చి తిరిగి పూయును. బలహీనముగా నున్న మొక్కకు ఈ శ్రమ పెట్టక కాడను మొదటికి తీసివేయవలెను. క్రొత్తవారు పెద్దపూల రకముల కన్న, చిన్నపూలు గుత్తులుగా పూయు రకములతో ప్రారంభించుట మంచిది.

ఒక్కొక్కప్పుడు కాడ కణుపు నుండి పూవునకు మారుగా పిల్లమొక్క బయలుదేరును. దాని వేళ్ళు రెండు అంగుళములు పెరుగువరకు తల్లిపైననే ఉంచి, తరువాత కాడ ముక్కతో సహా కోసి చిన్నకుండలో నాటవలెను. ఇంటిలో మొక్కను పెంపు చేసికొనుటకు ఇదియే మార్గము.

పురుగులు, తెగుళ్ళు

పిండినల్లి ఆకు మొదళ్ళలోను, కాడ కణుపులందును దూదివలె చేరును. కొలదిగా ఉన్నపుడు స్పిరిటులో ముంచిన దూదితో తుడిచివేయవలెను. ఎక్కువైనచో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెము సబ్బునీరు కలిపి, ముందు ఒక ఆకుపై పరీక్షించి, ఎండ లేని వేళ చల్లవలెను. వానకాలములో నత్తలు రాత్రివేళ వేరుమొనలను, మొగ్గలను తినివేయును. టార్చిదీపముతో ఏరివేయుటకన్న మంచి మందు లేదు.

ఆకుపై నీరు నానినట్లు మచ్చ పుట్టి, ఒకటి రెండు దినములలోనే ప్రాకి దుర్వాసన వచ్చినచో అది బాక్టీరియా కుళ్ళు. ఆలస్యము చేయరాదు. మచ్చకు అంగుళము ఇవతలనే, కాల్చి చల్లార్చిన కత్తితో కోసివేసి, కోతపై కాపర్ ఆక్సిక్లోరైడ్ ముద్ద పూసి, ఆ మొక్కను వేరుగా నుంచి వారము నీరు ఆపవలెను. కొని తెచ్చిన ప్రతి మొక్కను కూడ మూడు నాలుగు వారములు మిగిలినవానికి దూరముగా నుంచి, పిదపనే కలుపవలెను. ఇంటికి క్రొత్త పశువు వచ్చినపుడు మనము చేయునది ఇదియే కదా.

సేకరణ ఎట్లు చేయవలెను

సేకరణ యనగా కనబడినవెల్ల కొనుట కాదు. మొదట మూడు మొక్కలు తెచ్చి, అవి ఒక వేసవి దాటినపిమ్మట నాలుగవది తెండు. కొనుటకు నవంబరు నుండి జనవరి వరకు మంచికాలము. మార్చి తరువాత కొన్న మొక్క మన యింటికి అలవాటుపడక ముందే ఎండలు వచ్చిపడును. కొనునపుడు పూలను చూచి మురియక, ఆకు గట్టిగా నున్నదా, వేళ్ళు వెండిరంగునను పచ్చగాను ఉన్నవా, మొవ్వు శుభ్రముగా నున్నదా యని చూడవలెను. సగము మొగ్గలతో నున్న కాడ మేలు.

ప్రతి కుండకు రకము పేరు, కొన్న తేది వ్రాసిన చీటీ కట్టవలెను. ఒక నోటుపుస్తకములో కుండ మార్చిన దినము, కాడ కనబడిన దినము, మొదటి పూవు, చివరి పూవు వ్రాసికొనుడు. రెండేండ్ల తరువాత ఆ పుస్తకము ఏ గ్రంథము కన్నను మీ యింటికి ఎక్కువ ఉపయోగపడును. పేరు లేని మొక్కలు నూరు ఉన్నను అది సేకరణ కాదు, సంత.

మారేడుమిల్లి, రంపచోడవరము అడవులకు విహారమునకు పోయినవారు చెట్లపైనున్న ఆర్కిడ్లను పెరికి తెచ్చుట కొన్నిచోట్ల చూచితిని. ఇది చేయరాదు. అడవిలో ఒక గింజ మొలచి పూచుటకు ఏండ్లు పట్టును. పెరికి తెచ్చిన మొక్కలలో అధికభాగము మన ఇండ్లలో చచ్చును. అడవి చట్టములు కూడ దీనిని అనుమతింపవు. ఆర్కిడ్లన్నియు అంతర్జాతీయ వ్యాపారములో సైటిస్ ఒప్పందము క్రింద నియంత్రింపబడినవి. కావున విదేశము నుండి అనుమతి పత్రములు లేక మొక్కలు తెప్పించుకొనుట నేరము. ఆర్కిడ్లను గూర్చి శాస్త్రీయముగా పనిచేయుటకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1996లో సిక్కిం రాష్ట్రములోని పాక్యాంగ్‌లో ప్రత్యేక కేంద్రమును నెలకొల్పినది. ఎక్కువ తెలిసికొనగోరువారు ఆ కేంద్రము ప్రచురణలను చూడవచ్చును.

ఆదాయము మాట

కొబ్బరి ధర పడిపోయినపుడెల్ల ఏదో యొక క్రొత్త పంటను గూర్చి ఊరిలో మాట పుట్టుట సహజము. ఆర్కిడ్లు వేసి లక్షలు సంపాదింపవచ్చునని విని, అప్పు తెచ్చి నీడపందిరి వేయుదమని ఇద్దరు ముగ్గురు నన్నడిగినారు. నేను వలదంటిని. ఫెలనాప్సిస్‌ను అమ్మకమునకు పూయించుటకు చల్లదనమును అదుపుచేయు గృహము కావలెను. దాని విద్యుత్తు ఖర్చు చిన్నరైతు మోయలేడు. కోయుపూలు అమ్మదలచినవారికి వేడిమికి తాళు డెండ్రోబియం రకములు నయము. వానినైనను ఉద్యానశాఖవారి సలహాతో, అమ్మకపు మార్గము ముందు చూచుకొని, స్వల్పముగా ప్రారంభింపవలెను. ఫెలనాప్సిస్ ఇంటి అందమునకును, మనసు సంతోషమునకును తగిన మొక్క. దానిపై కుటుంబ భారమును మోపరాదు.

సంవత్సరములో పనులు

జూన్, జూలై: కుండ మార్చుట, డొక్క నానవేయుట, వాననీరు పట్టుట.
ఆగస్టు నుండి అక్టోబరు వరకు: చూరు క్రింద ఉంచుట, నీరు తగ్గించుట, నత్తలు, కుళ్ళు కనిపెట్టుట. తుపాను హెచ్చరిక వినినంతనే వ్రేలాడు కుండలన్నిటిని లోపలికి చేర్చుట.
నవంబరు నుండి జనవరి వరకు: చల్లని చోట ఉంచి కాడకై చూచుట, అవసరమైనచో క్రొత్త మొక్కలు కొనుట.
ఫిబ్రవరి, మార్చి: కాడకు పుల్ల కట్టుట, కుండ కదల్పకుండుట, నిలువ నీరు సిద్ధపరచుట.
ఏప్రిల్, మే: నీడ పెంచుట, వసారా నేలను మధ్యాహ్నము తడుపుట, ఎరువు సగమునకు తగ్గించుట.

కొత్తపేట గృహిణి ఇంట మిగిలిన మూడు మొక్కలలో రెండు మరుసటి మాఘమాసములో కాడ వేసి, ఉగాదికి పూచినవి. మూడవది ఇంతవరకు పూయలేదు. ఆకులు మాత్రము గట్టిగా నున్నవి. ఆమె ఇప్పుడు ఇరుగుపొరుగువారికి డొక్క నానవేయుట నేర్పుచున్నారు. నేనేమో ఏదైన క్రొత్త మొక్కను గూర్చి ఎవరైన అడిగినపుడు, తెలియనిచో తెలియదనియు, కనుగొని వారము దినములలో చెప్పెదననియు అనుచున్నాను. మీ యింట ఆర్కిడ్ ఆకు ముడుతపడినచో నీళ్ళచెంబు తీయకముందు ఒక్కమారు వేరు చూడుడు. ఈ వ్యాసములో మరేమియు గుర్తులేకున్నను ఈ యొక్కమాట గుర్తున్న చాలును.